ముంజేతి చర్మం పల్చబడితే ఎంజైము ఫేషియల్ పనిచేస్తుందా?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. కొబ్బరితోట, రెండెకరాల వరి, ఈమధ్యే ఒక చిన్న రొయ్యల చెరువు. మూడేళ్లుగా ముంజేతుల మీద చర్మం ఉల్లిపొరలా అయిపోయింది. చెయ్యి గేటుకి తగిలితే చాలు, వంగపండు రంగు మచ్చ పడి పదిరోజులు ఉంటోంది. ఒకట్రెండు సార్లు తోలు చిరిగింది కూడా. మోకాళ్ల కింద చేపపొలుసుల్లా లేస్తోంది, చలికాలం రాత్రిళ్లు ఒకటే దురద. బుగ్గల మీద, చేతుల మీద నల్లమచ్చలు. అమలాపురంలో ఒక పార్లరుకి వెళ్తే, "వయసొచ్చేకొద్దీ చర్మంలో ఎంజైములు చచ్చిపోతాయి, బయటి నుంచి పెట్టాలి" అని ఎంజైము ఫేషియల్ ఆరు సిట్టింగులు, తాగే కొల్లాజెన్ పొడి కలిపి 14,000 అన్నారు. కోడలు చేయించుకోమంటోంది. మావారేమో తోటలో బొప్పాయి కాయ ఉందిగా, అది రుద్దుకో అంటున్నారు. మా ఆడపడుచు మచ్చలకి బాగా పనిచేస్తుందని ఒక ట్యూబు ఇచ్చింది. ఏం చెయ్యమంటారు?

సమాధానం: అమ్మా, ఆ 14,000 కట్టకండి. బొప్పాయి కాయని కూరకి ఉంచుకోండి. ట్యూబు సంగతి చివర్లో చెబుతాం, అప్పటిదాకా దాని మూత తియ్యకండి.

పార్లరు వాళ్లు చెప్పిన మాటలో సగం కూడా నిజం లేదు. ఎంజైములంటే ఒంట్లో కొయ్యడం, కట్టడం లాంటి పనుల్ని నడిపించే మాంసకృత్తులు. వయసుతో చర్మంలో కొన్ని ఎంజైముల పని తగ్గుతుంది, కొన్నిటిది పెరుగుతుంది. ఇంకొన్ని ఉన్నచోటే ఉండి, నీరు లేకనో పులుపు చాలకనో పనిచెయ్యవు. మీరు రాసిన మూడు బాధలకీ మూడు వేరు వేరు ఎంజైముల కథ ఉంది. ముంజేతులది పెరిగిన ఎంజైము, కాళ్లది పనిలేక కూర్చున్న ఎంజైము, మచ్చలది అక్కడక్కడ అతిగా పనిచేసే ఎంజైము. మూడింటికీ ఒకే ఫేషియల్ మందెలా అవుతుంది?

ముందు ముంజేతులు. నీరు తీసేసి తూచితే చర్మం బరువులో 70 శాతానికి పైగా కొల్లాజెన్ అనే మాంసకృత్తే. నులకమంచానికి నులక ఎలాగో చర్మానికి అది అలాగ. దాన్ని నేసే కణాలే, అవసరమైనప్పుడు కత్తిరించే ఎంజైముల్ని కూడా తయారుచేస్తాయి. ఆ కత్తెరల్లో ముఖ్యమైనది కొల్లాజినేజ్. దీన్ని 1962లో జెరోమ్ గ్రాస్, చార్లెస్ లాపియేర్ కప్పపిల్ల తోకలో కనిపెట్టారు. నాట్ల మళ్లలో ఈదే తోకకప్పలకి తోక ఉన్నట్టుండి మాయమవుతుంది చూడండి, ఆ తోకని కరిగించేది ఇదే. గాయం మానడానికి మనకీ అది కావాలి. చిక్కల్లా పాళ్లలో ఉంది. పెద్దయ్యాక కొల్లాజెన్ ఏడాదికి సుమారు 1 శాతం చొప్పున తరుగుతుంది. ముట్లు ఆగిన తొలి అయిదేళ్లలో ఈ తరుగు ఎక్కువ, 30 శాతం దాకా పోవచ్చు. నేత ఇలా మందగిస్తున్న కాలంలోనే కత్తెర ఎక్కువవుతుంది. తెగిన ముక్కల మధ్య కణానికి పట్టు దొరకదు. పట్టు లేని కణం ఇంకా తక్కువ నేస్తుంది, ఇంకా ఎక్కువ కత్తిరిస్తుంది. మీ చేతులు మూడేళ్లలో ఇంత తేడాగా కనపడటానికి ఈ చుట్టుతిరుగుడే కారణం.

ఈ కత్తెరని అందరికన్నా ఎక్కువగా రెచ్చగొట్టేది ఎండ. మిషిగన్ విశ్వవిద్యాలయంలో గ్యారీ ఫిషర్, జాన్ వూర్హీస్ బృందం 1996, 97 సంవత్సరాల్లో చూపించిందేమిటంటే, చర్మం ఎర్రబడేంత ఎండ కూడా అక్కర్లేదు. అంతకన్నా తక్కువ అతినీలలోహిత కాంతికే కొన్ని గంటల్లో ఈ ఎంజైములు పెరిగిపోతాయి, మర్నాటిదాకా ఉంటాయి. అంటే రోజూ గట్టు మీద ఓ గంట నిలబడేవాళ్లకి అవి తగ్గే తీరికే ఉండదు. కావాలంటే మీ చేతి లోపలివైపు, చంక దగ్గర చర్మం చూసుకోండి. దాని వయసూ 54 ఏళ్లే. ముంజేతికీ దానికీ ఉన్న తేడా అంతా ఎండది.

వంగపండు రంగు మచ్చలు కూడా ఇందులోంచి వచ్చినవే. సన్న రక్తనాళాల చుట్టూ ఆసరాగా ఉండే కొల్లాజెన్ తరిగిపోయాక చిన్న తాకుడికే నాళం చిట్లుతుంది. ముంజేతులకీ చేతుల వెనకవైపుకీ మాత్రమే వస్తే భయం లేదు. పొట్ట మీద, వీపు మీద, తొడల మీద కూడా కమిలినట్టు కనిపిస్తున్నా, చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నా ప్లేట్‌లెట్ల పరీక్ష చేయించాలి. గుండెకో పక్షవాతానికో ఆస్పిరిన్ లాంటి రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ఈ మచ్చలు ఎక్కువగా పడతాయి. అలాగని మాత్ర మానకండి. మచ్చకన్నా గుండె ముఖ్యం.

ఇక కాళ్లు. మన పైచర్మంలో చనిపోయిన కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. వాటిని పట్టి ఉంచే బంధాల్ని కల్లిక్రీన్లనే ఎంజైములు నెమ్మదిగా తెంచుతుంటే, పై వరస కంటికి కనపడకుండా రాలుతుంది. చిన్నతనంలో నాలుగు వారాలకోసారి పైపొర మొత్తం మారిపోతుంది, పెద్దయ్యాక ఆరు వారాలూ అంతకు మించీ పడుతుంది. మీ కాళ్ల మీద ఈ ఎంజైము లేక కాదు పొలుసులు లేస్తున్నది. అది పనిచెయ్యాలంటే చుట్టూ నీరు ఉండాలి. పొర ఎండిపోతే బంధం తెగక, కణాలు గుంపులు గుంపులుగా అతుక్కుపోయి పొలుసుగా లేస్తాయి. డిసెంబరు, జనవరిలో ఎక్కువ కావడానికీ, కాలికి పెట్టుకునే క్రీములో యూరియా ఉండాలనడానికీ కారణం ఇదే. యూరియా నీటిని పట్టి ఉంచుతుంది. (పొలంలో చల్లే యూరియా బస్తాకీ ట్యూబులో దానికీ రసాయనం ఒకటేగానీ, బస్తాలోది రాసుకోకండి. అడిగినవాళ్లున్నారు కాబట్టి చెబుతున్నాం.)

రెండోది పులుపు. దాన్ని కొలిచే అంకె పీహెచ్; 7 అంటే తటస్థం, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. చర్మం పైభాగం పీహెచ్ 4.7 నుంచి 5.5 మధ్య ఉంటుంది, కాస్త పుల్లమజ్జిగ తరహా. ఇటుకల మధ్య సున్నంలా నిండే కొవ్వుల్ని, అంటే సెరమైడ్లని, తయారుచేసే ఎంజైములు ఆ పులుపులోనే బాగా నడుస్తాయి. కల్లిక్రీన్ల తీరు వేరు, పీహెచ్ పెరిగితే అవి జోరందుకుంటాయి. వయసుతో చర్మం పీహెచ్ ఎలాగూ కొద్దిగా పైకి జరుగుతుంది. ఆ పైన మామూలు సబ్బు, దాని పీహెచ్ 9 నుంచి 10. సబ్బుతో ఒళ్లంతా రుద్దుకున్నప్పుడల్లా కొవ్వు కట్టే ఎంజైము కొన్ని గంటలు చతికిలబడుతుంది, గోడని విప్పేది చెలరేగుతుంది. చిన్నవాళ్ల చర్మం పులుపుని త్వరగా తిరిగి తెచ్చుకుంటుంది, పెద్దవాళ్లది ఆలస్యం చేస్తుంది. మళ్లీ సాయంత్రం రెండో స్నానం ఉండనే ఉంది కదా మనకి.

ఎంజైము "ఉందా లేదా" అన్నదానికీ "ఎంత పనిచేస్తోంది" అన్నదానికీ తేడా పార్లరులో చెప్పరు. ప్రయోగశాలలో చర్మం మీద అంటుకునే టేపు వేసి లాగి, దానికి అంటిన పొరల్లోంచి ఎంజైముని తీసి, అది కోసే పదార్థాన్ని చేర్చి, ఇంతసేపట్లో ఎంత రంగు వచ్చిందని కొలుస్తారు. పీహెచ్, వేడి మార్చితే అదే ఎంజైముకి అంకె మారిపోతుంది. రంగుతో లెక్కకట్టే ఈ పద్ధతుల్లో మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి చెయ్యి ఉంది. సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ప్రకటించిన భాస్వరం కొలతతోనే, భాస్వరాన్ని విడగొట్టే ఎంజైముల పనిని ఎన్నో ఏళ్లు లెక్కకట్టారు.

మీరు ఇంట్లో ఎంజైముని కొలవలేరు, పీహెచ్‌ని కొలవొచ్చు. చెరువు ఉన్న ఇల్లు కాబట్టి నీటి పీహెచ్ చూసే అలవాటు మీకు ఉండే ఉంటుంది. చుక్కల కిట్ కన్నా 1 నుంచి 14 దాకా చూపే కాగితం చుట్ట తెప్పించండి. సబ్బుని నాలుగైదు చుక్కల నీటితో రుద్ది నురగ చేసి, కాగితాన్ని అందులో అద్ది, అరనిమిషం లోపు రంగు పోల్చండి. ముదురు ఆకుపచ్చ, నీలం వస్తే ఆ సబ్బు బట్టలకి. 5.5, 6 దగ్గర చూపించే సిండెట్ బార్లు మందుల షాపుల్లో ఉంటాయి, మామూలు సబ్బులా కనపడతాయిగానీ సబ్బు కాదు. ధర ఎక్కువే. అందుకే చంకలు, గజ్జలు, పాదాలకి మాత్రం వాడి, చేతులకీ కాళ్లకీ మంచినీళ్లు చాలనుకోండి. సున్నిపిండి పీహెచ్ తటస్థానికి దగ్గరగానే ఉంటుంది, తప్పు పిండిది కాదు, రుద్దుడిది. ఉల్లిపొర లాంటి ముంజేతి మీద బరకపిండి పెట్టి తోమితే చిరుగుతుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరునీరు ఉప్పగా, గట్టిగా ఉంటుంది. అందులో సబ్బు సరిగా వదలక తెల్లటి జిడ్డుపొరలా చర్మం మీద మిగిలిపోతుంది. కాలవనీరో కుళాయినీరో ఒక బకెట్ ఉంచుకుని చివర రెండు చెంబులు దానితో పోసుకోండి. స్నానం గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాలకి మించొద్దు. పొగలు కక్కే నీళ్లు కాళ్లమీద పోసుకుంటే దురదకి ఆ క్షణం హాయిగా ఉంటుంది, రాత్రికి రెట్టింపవుతుంది.

పులుపు కావాలన్నామని నిమ్మచెక్క రుద్దకండి. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, అది మంట. పైగా ఆ రసం తోలు మీద ఉండగా ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కి నల్లచారలు మిగులుతాయి.

స్నానం అయ్యాక తువ్వాలుతో అద్దుకుని, ఇంకా తేమ ఉండగానే, మూడు నిమిషాల్లోపు క్రీము రాయాలి. మోకాళ్ల కిందకి 10 శాతం యూరియా, లేకపోతే 12 శాతం అమ్మోనియం లాక్టేట్ ఉన్నది. రెండోది పులుపు కూడా ఇస్తుంది. పగుళ్ల మీద రెండూ చురుక్కుమంటాయి. ముందు వారంరోజులు ఉత్త తెల్ల పెట్రోలియం జెల్లీ రాసి పగుళ్లు పూడ్చుకుని, తర్వాత మొదలుపెట్టండి. చాలామంది దగ్గర పని ఎక్కడ చెడుతుందంటే కొలత దగ్గర. చూపుడువేలి కొన నుంచి మొదటి గీత దాకా పిండిన క్రీము సుమారు అర గ్రాము. మోకాలి కింద ఒక్కో కాలికి అలాంటివి మూడు పడతాయి. రెండు కాళ్లకి రెండు పూటలా అంటే రోజుకి 6 గ్రాములు. 30 గ్రాముల ట్యూబు అయిదు రోజులకి అయిపోవాలి. అదే ట్యూబుని రెండు నెలలు వాడి "గుణం కనపళ్లేదు" అనేవాళ్లే ఎక్కువ. ఖర్చు భారమైతే మూడు వారాలు గట్టిగా యూరియా వాడి, పొలుసు పోయాక రాత్రిపూట యూరియా, పగలు కొబ్బరినూనె అని పంచుకోండి.

కొబ్బరినూనె మంచిదే. తడి చర్మం మీద ఒక చెంచా నూనె రెండు కాళ్లకీ సరిపోతుంది, నీటిని లోపల ఆపుతుంది. కానీ అది ఎండని ఆపదు. ఉక్కపోత నెలల్లో వీపుకి, ఛాతీకి పట్టిస్తే చెమటకి తోడై కురుపులు లేస్తాయి, చర్మం మీద ఉండే ఒకరకం ఫంగస్‌కి ఆ కొవ్వులే మేత. కాళ్లకీ చేతులకీ వాడుకోండి చాలు.

చెరువులో సున్నం, బ్లీచింగ్ చల్లేది మీరే అయితే మోచేతుల దాకా వచ్చే రబ్బరు తొడుగులు తప్పవు. సున్నం తేట పీహెచ్ 12 పైన. సబ్బు చేసే చేటు దాని ముందు లెక్కలోకి రాదు. చేతులమీద పడితే మంచినీళ్లతో చాలాసేపు కడగండి, విరుగుడని నిమ్మకాయ పిండకండి.

ఎండకి సన్‌స్క్రీన్ కన్నా ముందు గుడ్డ. నాట్లకి వెళ్లే ఆడవాళ్లు చీరమీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్స్ చొక్కా వేసుకుంటారే, అంతకన్నా మంచి మందు లేదు. చొక్కా ముదురు రంగుది, నేత దట్టంగా ఉన్నది ఎంచండి. దీపానికి అడ్డం పెట్టి చూస్తే వెలుతురు చుక్కలు కనపడకూడదు. బాగా ఉతికి వెలిసిన పల్చటి నూలు చొక్కా తడిస్తే ఎండని ఇంకా ఎక్కువగా లోపలికి పోనిస్తుంది, అందుకని చెరువు పనికి వేరేది ఉంచుకోండి. నీటి మీంచి కొంత కాంతి కిందనుంచి ముఖానికి కొడుతుంది, గొడుగూ టోపీ దాన్ని ఆపలేవు. ముఖానికి, మెడకి, చేతుల వెనకవైపుకి ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, యూవీఏ రక్షణ కూడా రాసి ఉన్న సన్‌స్క్రీన్ వాడండి. చూపుడువేలు, నడిమివేలు పొడవునా రెండు చారలు పిండితే ముఖానికీ మెడకీ సరైన కొలత. రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. తువ్వాలుతో చెమట తుడిస్తే అప్పుడే పోయిందనుకోండి.

బుగ్గల మచ్చల దగ్గర తమాషా ఏమిటంటే, రంగు తయారుచేసే టైరోసినేజ్ అనే ఎంజైము చురుగ్గా ఉన్న కణాలు పదేళ్లకి 10 నుంచి 20 శాతం చొప్పున తగ్గుతూ వస్తాయి. ఒంటి మొత్తమ్మీద రంగు కణాలు తగ్గుతుంటే, ఎండ పడినచోట మిగిలినవి గుంపుగా అతిగా పనిచేస్తాయి. అందుకే ఒకే చేతిమీద తెల్లచుక్కలూ నల్లమచ్చలూ పక్కపక్కన కనపడతాయి. సన్‌స్క్రీన్ లేకుండా మచ్చకి ఏ మందు రాసినా చిల్లు కుండలో నీళ్లే.

కత్తెర ఎంజైముని నిజంగా అదుపులో పెట్టే పూతమందు ఒకటుంది, ట్రెటినోయిన్. ముందుగా రాసి ఉంచితే ఎండకి ఆ ఎంజైములు పెరగడం బాగా తగ్గుతుందని పైన చెప్పిన మిషిగన్ బృందమే చూపింది. కొత్త కొల్లాజెన్ కూడా నేయిస్తుంది. చర్మవైద్యులు చూసి రాయాలి. మొదట 0.025 శాతం, ముఖం మొత్తానికి శనగగింజంత, రాత్రి ముఖం కడిగి పూర్తిగా ఆరాక, అరగంట ఆగి. వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టి, మంట లేకపోతే రెండు వారాల తర్వాత రోజు విడిచి రోజు. తొలి నెలలో ఎర్రబడి పొట్టు లేవడం మామూలే, తట్టుకోలేకపోతే రెండు రాత్రులు మానండి. ఫలితం కనపడటానికి మూడు నుంచి ఆరు నెలలు. మీరిప్పుడే మొదలుపెట్టొద్దు. సబ్బు మార్చి, క్రీము రాసి, ఆరు వారాలకి చర్మం కుదుటపడ్డాక, అదీ మే ఎండల్లో కాకుండా. కోడలు మీ ట్యూబు వాడకుండా చూడండి, గర్భం ధరించే వయసువాళ్లు డాక్టరుని అడగకుండా ముట్టుకోకూడని మందు అది.

ఇక బొప్పాయి. మాంసం ముదురుదైతే పచ్చి బొప్పాయి ముక్క వేసి ఉడికిస్తాం. అందులోని పపైన్ మాంసకృత్తుల్ని కోసేస్తుంది. మాంసమేదో మీ ముంజేయేదో దానికి తేడా తెలియదు. పచ్చికాయ పాలు పల్చటి చర్మం మీద పుండు పడేస్తాయి, కొందరికి ఎలర్జీ కూడా వస్తుంది. పార్లరు ఎంజైము ఫేషియల్లోనూ ఎక్కువగా ఉండేది ఇదే పపైన్, లేదా అనాసలోని బ్రొమెలైన్. పైన ఉన్న మృతకణాల్ని కొన్ని కరిగిస్తుంది కాబట్టి రెండు మూడు రోజులు మెరుపు ఉంటుంది, అంతే. లోపలి కొల్లాజెన్ దాకా వెళ్లదు. చర్మం గుండా దూరాలంటే అణువు బరువు దాదాపు 500 డాల్టన్ల లోపు ఉండాలి, పపైన్‌ది 23,000. వెళ్లదు కాబట్టే సరిపోయింది. కోసే ఎంజైము ఇప్పటికే ఎక్కువైన చోటికి ఇంకో కత్తెరా?

తాగే కొల్లాజెన్ కడుపులో మామూలు మాంసకృత్తులాగే విరిగిపోతుంది. కొన్ని చిన్న ముక్కలు రక్తంలోకి చేరతాయన్నది నిజమే. మేలు చూపిన పరీక్షలు చాలావరకు చిన్నవి, చాలావాటికి డబ్బు పెట్టింది అమ్మేవాళ్లే. ఆ డబ్బుకి కోడిగుడ్లు, చేపలు, పప్పు కొనుక్కోండి. కొల్లాజెన్ నేసే ఎంజైముకి విటమిన్ సి తప్పనిసరి, అది రోజుకో జామకాయతో అవసరానికి మించే అందుతుంది. అంతకన్నా ఎక్కువ మింగినా ఎంజైము ఇంకా వేగంగా నడవదు.

తోలు మళ్లీ చిరిగితే లేచిన పొరని పీకెయ్యకండి. మంచినీళ్లతో కడిగి, తడి దూదితో ఆ పొరని మెల్లగా వెనక్కి పరిచి, అంటుకోని గాజుగుడ్డ (గాయాలకి కట్టే పల్చటి గుడ్డ) పెట్టి, పైన బట్ట కట్టు కట్టండి. అంటించే ప్లాస్టరు వేస్తే తీసేటప్పుడు ఇంకో చిరుగు. కాఫీపొడి, పసుపు అద్దొద్దు. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు తెచ్చుకోండి.

దురద, పొలుసులు ఆరు వారాల్లో తగ్గకపోతే షుగరు, థైరాయిడ్, కిడ్నీ, లివరు పరీక్షలు, రక్తహీనత చూపించుకోండి. నాలుగు వారాలకీ మానని పుండు, అరికాల్లోనో గోరులోనో కొత్తగా వచ్చిన నల్లమచ్చ లేదా గీత ఉంటే చర్మవైద్యుల దగ్గరికి. స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఉంటే అది వయసు మచ్చ కాదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి, కుష్ఠుకి పరీక్షా మందూ ఉచితమే.

ఆడపడుచు గారి ట్యూబు. వెనకవైపు చిన్న అక్షరాల్లో బీటామెథసోన్, క్లోబెటసాల్, మోమెటసోన్, ఫ్లూసినోలోన్, ఇలాంటి పేర్లలో ఏదైనా ఉంటే అది స్టెరాయిడ్. మచ్చలకని చేతులు మారే ట్యూబుల్లో చాలావరకు ఇది ఉంటుంది, మచ్చల రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ కలిపి కూడా వస్తుంది. రెండు వారాల్లో ముఖం తెల్లగా నునుపుగా అవుతుంది, అందుకే అందరూ ఒకరికొకరు ఇచ్చుకుంటారు. కానీ స్టెరాయిడ్ కొల్లాజెన్ నేతనే ఆపేస్తుంది. మీ ముంజేతులకి ముప్ఫై ఏళ్ల ఎండ చేసిన పని ఆ ట్యూబు ముఖానికి కొన్ని నెలల్లో చేస్తుంది, ఎర్రటి సన్న నరాలు, మొటిమలు, గడ్డం దగ్గర వెంట్రుకలు అదనం. మీరింకా రాయలేదు కాబట్టి పారెయ్యండి. ఆవిడ నెలల తరబడి వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా మానొద్దని చెప్పండి. ఉన్నట్టుండి మానితే ముఖం మండి వాచిపోతుంది. ట్యూబు చేత్తో పట్టుకునే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లమనండి, ఎలా తగ్గించుకుంటూ రావాలో వాళ్లు రాసిస్తారు.